దారం ఏ రంగండీ?

పోయిన మంగళవారం పొద్దున్న నా ఫోనుకి ఒక సందేశం వచ్చింది. నాకు రావలసిన పార్సెల్ ఒకటి దారిలో ఆగిపోయిందట. నా చిరునామా అసంపూర్ణంగా ఉండటమే కారణమట. ఇరవై నాలుగు గంటల్లో కింద ఇచ్చిన లింకు నొక్కి దాన్ని పూర్తి చేయకపోతే వెనక్కి పంపేస్తారట.

నాలో ఏదో అసంపూర్ణంగా ఉందన్న అనుమానం నాకు చిన్నప్పట్నుంచీ ఉంది. అది చిరునామా అని మాత్రం ఇప్పుడే తెలిసింది. అందులో నిజం లేకపోలేదు. మా ఊళ్ళో ఇంటి నంబరు గుర్తున్నవాళ్ళెవరూ లేరు. రాజోలు రోడ్డులో చిన్న వంతెన దిగాక సైన్సు మాస్టారిల్లు అని రాస్తే చాలు, ముప్ఫయ్యేళ్ళుగా ఉత్తరాలు వస్తున్నాయి. అదీ ఒక చిరునామాయేనా అని ఎవరైనా అంటే సిగ్గుపడే స్వభావం నాది. ఆ సిగ్గుతోనే బొటనవేలు లింకు మీదకి జరిపాను.

అప్పుడు వినిపించింది. "మాస్టారూ, వేలు తియ్యండి."

గదిలో ఎవరూ లేరు. ఆ మాట అనే మనిషి పోయి పదకొండు నెలలైంది. అయినా వేలు తీసేశాను. చెప్పిన మాట వినడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను, కాస్త ఆలస్యంగా.

ఊరంతా ఆవిణ్ణి పెట్టెల పిన్నిగారు అనేవారు. నాకంటే చిన్నదే అయినా నేనూ అలాగే పిలిచేవాణ్ణి. చదివింది ఐదో తరగతి. ఇరవై రెండేళ్ళు కువైట్‌లో ఒకరింట్లో వంటా, పిల్లల పనీ చేసి తిరిగొచ్చింది. అక్కడ శుక్రవారం సెలవైతే విశ్రాంతి తీసుకునేది కాదు. మా చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళంతా ఇళ్ళకి పంపుకునే అట్టపెట్టెలు ఆవిడే సర్ది కట్టిపెట్టేదట. ఇక్కడికొచ్చాక ఆ పని లేదు. కానీ ఆవిడ ఇంట్లో అటక నిండా ఖాళీ అట్టపెట్టెలు మడిచి ఉండేవి. ఎందుకండీ అంటే, "ఎప్పుడు ఎవరికేం పంపాలొస్తుందో తెలీదు కదండీ" అనేది.

మా వైపు గల్ఫ్ నుంచి పెట్టె వచ్చిందంటే చిన్న సంగతి కాదు. పౌడరు డబ్బాలు, సెంటు సీసాలు, పాలపొడి, ఖర్జూరాలు, తలనొప్పి మందు, ఎవరికో ఒక రగ్గు. మూత లోపలివైపు ఎవరి వాటా ఏదో రాసి ఒక చీటీ అతికిస్తారు. పెట్టెకి పాత దుప్పటి చుట్టి దబ్బనంతో కుట్టేసి, పైన నైలాను తాడు బిగిస్తారు. ఇదంతా అందరూ చేసేదే. ఆవిడ సొంతంగా కనిపెట్టింది ఒకటుంది. కుట్టే దారం రంగు ప్రతిసారీ మార్చేది. పెట్టె బయల్దేరాక ఇంటికి ఫోన్ చేసి ఆ రంగేదో ఒక్క మనిషికే చెప్పేది. దారిలో ఎవరైనా కుట్లు విప్పి, కావలసినవి తీసుకుని మళ్ళీ కుట్టాలంటే, వాళ్ళ దగ్గర అదే రంగు దారం ఉండొద్దూ? పెట్టె గుమ్మంలోకి రాగానే ముందు దారం చూసుకునేవారు, తర్వాతే కత్తెర.

ఇప్పుడు బ్యాంకులు మన ఫోనుకి ఆరంకెలు పంపి, వీటిని ఎవరికీ చెప్పకండి బాబూ అని బతిమాలుతున్నాయే, ఆ ఓటీపీని ఆవిడ పాతికేళ్ళ కిందటే దబ్బనంతో కుట్టేసింది. తేడా ఒక్కటే. ఆవిడ చెప్పేది కాదు. మనం అడిగినవాడికల్లా చెప్పేస్తాం.

పెట్టెలకి కిలోల లెక్కన కిరాయి తీసుకుంటారు కాబట్టి ఆవిడ చేతికి తూకం పట్టుబడింది. ఏ వస్తువు చేతికిచ్చినా ఒకసారి పైకీ కిందికీ ఆడించి, బరువు చెప్పాక గానీ కింద పెట్టేది కాదు. పనసకాయైనా అంతే, పెళ్ళిలో చదివించిన బహుమతైనా అంతే, పక్కింటివాళ్ళ మనవడైనా అంతే. వాణ్ణి ఎత్తుకుని, "పన్నెండున్నరండి. పోయిన్నెల్లో పదమూడుండేవోడు, బెంగెట్టుకున్నాడండి" అని వాళ్ళమ్మకి చెప్పేది. రిటైరయ్యాక సొంత ఖర్చుతో అచ్చువేసుకున్న నా వ్యాసాల పుస్తకాన్ని వినయంగా ఆవిడ చేతిలో పెట్టాను. ఒకసారి ఆడించి, "నూట ఎనభై గ్రాములండి" అంది. నా పుస్తకానికి వచ్చిన సమీక్షల్లో కాస్త బరువైనది అదొక్కటే.

ఆ తూకం ఊరికే పోలేదు. మా ఎదురింటి కోడలి భర్త మస్కట్‌లో ఉంటాడు. ఒకరోజు ఆ అమ్మాయి పేరున పార్సెల్ వచ్చింది. తెచ్చినాయన, మీ ఆయన చీర ఆర్డరు పెట్టేరండి, తొమ్మిదొందలు కట్టి తీసుకోండి అన్నాడు. పేరూ, ఊరూ, వీధీ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పెళ్ళయిన ఆరేళ్ళలో భర్త ఇలాంటి పని చేయడం అదే మొదలు కాబట్టి ఆ అమ్మాయి మురిసిపోయి డబ్బుల కోసం లోపలికి పరిగెత్తింది. అరుగు మీద గోంగూర ఏరుతున్న పిన్నిగారు చేతులు తుడుచుకుని ఆ పొట్లాం అందుకుంది.

"అమ్మాయ్, ఇది డెబ్భై గ్రాములు. మీ ఆయన పంపింది చీరా, జేబురుమాలా?"

అప్పుడు మస్కట్‌కి ఫోన్ చేశారు. అతను ఏ చీరా పంపలేదు. పంపలేదని ఒప్పుకోవలసి రావడం అతనికి కాస్త ఇబ్బందే అయింది. పొట్లాం వచ్చిన దారినే వెళ్ళింది. తెచ్చినాయన మీదకి వీధివీధంతా లేచింది గానీ, పిన్నిగారు ఆయన్ని కూచోబెట్టి మజ్జిగిచ్చింది. "ఆయన మోసేవోడేనండి, మోసగాడు కాదు. ఎండలో తిరుగుతున్నారు పాపం" అంది. ఆ మరుసటి నెలలో మస్కట్ భర్త నిజంగానే చీర పంపక తప్పలేదు. ఐదొందల ఇరవై గ్రాములని పిన్నిగారు ధ్రువీకరించింది.

ఇక నా సంగతి. దాచి లాభం లేదు, రాజోలు సంతదాకా తెలిసిన విషయమే.

రెండేళ్ళ కిందట, ఒక మధ్యాహ్నం భోంచేసి వరండాలో కూచున్నాను. ఫోన్ మోగింది. మస్కట్ నుంచి నా పేరున పెట్టె వచ్చిందనీ, బొంబాయిలో కస్టమ్స్ వాళ్ళు ఆపారనీ, చిన్న రుసుము కడితే వదిలేస్తారనీ అవతల మనిషి చక్కటి తెలుగులో చెప్పాడు. వేరే చోటయితే నాకెవరు పంపుతారయ్యా అని పెట్టేసేవారు. మా వైపు ఆ మాట అనడం కుదరదు. ప్రతి ఇంటికీ, లేదా పక్కింటికైనా, అటు ఒక మనిషి ఉంటాడు. వచ్చిన పెట్టెని కాదనడమంటే పంపినవాణ్ణి నువ్వెవరు అనడమే. అంత మర్యాద తప్పే పని మేము చేయం.

పైగా నేను మాస్టార్ని. ముప్ఫై మూడేళ్ళు పాఠాలు చెప్పాను. పాత విద్యార్థి ఒక్కడైనా గుర్తుపెట్టుకుని ఖర్జూరాలు పంపకపోతాడా అని ఎదురుచూస్తూనే ఉన్నాను. అందుకని నేనే అడిగాను, మా పక్కూరు నగరం నుంచి వెళ్ళిన కుర్రాడు, పొడుగ్గా ఉంటాడు, వాడేనా పంపింది అని. అవతలివాడు ఒక్క క్షణం ఆగి, "ఆయనేనండి, పొడుగ్గా ఉంటారు" అన్నాడు. నా మనసు నిండిపోయింది. వాడికి నేను సైన్సులో ముప్ఫై రెండు మార్కులే వేశాను. అయినా మనసులో పెట్టుకోలేదు. బొంబాయిలో కూచున్నవాడికి మస్కట్‌లో ఉన్నవాడి పొడుగు ఎలా తెలిసిందన్న ప్రశ్న మాత్రం నాకు తట్టలేదు. దేన్నయినా ప్రశ్నించండర్రా అని బల్ల గుద్ది చెప్పిన మాస్టార్ని నేనే.

అతను చెప్పేవాటన్నిటికీ ఆయ్, ఆయ్ అంటూ లింకు నొక్కాను, కార్డు నంబరు కొట్టాను. చివరికి ఆరంకెలు వచ్చాయి. కళ్ళజోడు పెట్టుకుని, ఒకటో తరగతి పిల్లవాడిలా వాటి కింద వేలు పెట్టి, "నాలుగు..." అని మొదలుపెట్టాను.

"మాస్టారూ, వేలు తియ్యండి."

మునగాకు ఇవ్వడానికి వచ్చి, పిన్నిగారు ఎంతసేపట్నుంచి గుమ్మంలో నిలబడిందో నాకు తెలియదు. నేను వేలు తీసేలోపల ఫోన్ ఆవిడ చేతిలో ఉంది.

"ఆయ్, నమస్కారమండి. మాస్టారి పెట్టె మీ దగ్గరుందంటండి?"

ఉందన్నాడతను.

"చాలా సంతోషమండి. దారం ఏ రంగండీ?"

ఏ దారమని అడిగాడు.

"కుట్టిన దారమండి. పెట్టెన్నాక కట్టుంటదండి. కట్టు లేకపోతే అది కట్టుకథేనండి."

అతను గొంతు పెంచాడు. పెట్టెలో మత్తుమందులున్నాయనీ, పోలీసులు బయల్దేరారనీ, ఫోన్ పెట్టేస్తే మాస్టార్ని అక్కడికక్కడే అరెస్టు చేస్తారనీ చెప్పాడు. నేను వీధి వైపు తొంగిచూశాను. ఆవిడ మాత్రం శాంతంగా బరువెంతో అడిగింది, భోజనమైందా అని అడిగింది, మళ్ళీ దారం దగ్గరికే వచ్చింది. మూడోసారి అడిగేసరికి అతనే పెట్టేశాడు. అప్పుడే నా చేత బ్యాంకుకి ఫోన్ చేయించి కార్డు ఆపించింది. తర్వాత మునగాకు నా ఒళ్ళో పెట్టి, "పావుకిలో ఉంటుందండి" అని వెళ్ళిపోయింది.

ఈ అలికిడికి నా శ్రీమతి నిద్రలేచింది. అంతా విని, "ఇంతకీ ఖర్జూరాలేవీ?" అంది. అప్పట్నుంచి మా ఇంట్లో నేను తీపి అడిగితే ఒకటే జవాబు, కస్టమ్స్ నుంచి విడిపించుకోండి అని.

నా పరువు పోతే పోయింది, ఊరికి మేలు జరిగింది. ఆ ఆదివారం చర్చిలో ప్రకటనలయ్యాక పాస్టరుగారు పిన్నిగారికి ఐదు నిమిషాలిచ్చారు. ఆవిడ అరగంట తీసుకుంది. నా పేరు చెప్పలేదు, మన ఊళ్ళో చదువుకున్న పెద్దాయన ఒకరు అంది. అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. పెట్టె పంపినోళ్ళు ముందు చెప్తారండి, చెప్పనిది మనది కాదండి అంది. ఎవరైనా ఫోన్ చేసి పెట్టె ఉందంటే దారం రంగడగండి అంది. వెనక వరసలోంచి ఒకావిడ లేచి, మా కోడలు ఫోనులో తెప్పించేవాటికి దారం ఉండదు కదండీ, టేపే కదండీ అంది.

"అయితే టేపు రంగడగండి. ముందు కోడల్నడగండి, ఏమైనా తెప్పించేవా అని. తెప్పిస్తే ఆ ఫోన్లోనే ఉంటదండి ఎక్కడిదాకా వచ్చిందో. వాళ్ళు పంపిన లింకులో చూడక్కర్లేదు. ఇచ్చేవోడు అంకెలు అడగడండి, పుచ్చుకునేవోడే అడుగుతాడు."

ముప్ఫై మూడేళ్ళలో నేను నేర్పలేకపోయింది ఆవిడ అరగంటలో నేర్పేసింది. జనం ఆమెన్ అన్నారు. నేను కాస్త గట్టిగానే అన్నాను.

ఆ తర్వాతి వానాకాలంలో, ఒక మధ్యాహ్నం పిన్నిగారు మా ఇంటికి వచ్చింది. చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో బ్యాంకు పుస్తకం. ఫోనులోంచి కొంచెం డబ్బు పంపాలండి, మీకు ఆ పని బాగా తెలుసు కదా అంది. వెక్కిరిస్తోందేమోనని మొహంలోకి చూశాను. వెక్కిరించడం లేదు.

ఎవరికని అడిగితే గోడౌనోళ్ళకి అంది. బొంబాయి రేవులో ఆవిడ పేరున విదేశీ పార్సెల్ ఒకటి చాలాకాలంగా పడి ఉందట. శనివారంలోగా నాలుగు వేలు కట్టకపోతే వేలం వేసేస్తారట.

ఆవిడ బెంచీ మీద కూచుని, వాన చూస్తూ చెప్పింది. కువైట్ వెళ్ళిన మొదటి ఏడు, ఆవిడ పంపిన మొట్టమొదటి పెట్టె ఇంటికి రాలేదు. పెట్టెలు చేరవేసే ఆ కిరాయి కొట్టువాళ్ళు నెల తిరక్కుండా తలుపులు మూసేశారు. అందులో కూతురి కోసం ఒక జత బూట్లున్నాయి, అడుగేస్తే దీపాలు వెలిగేవి. పిల్లకి అప్పుడు నాలుగేళ్ళు. వారం వారం రాజోలులో ఫోను బూత్‌కి వచ్చి, నా బూట్లేవమ్మా అని అడిగేది. వస్తున్నాయమ్మా అని ఆవిడ అనేది. ఒక వారం అడగడం మానేసింది. మీ అమ్మ ఏం పంపలేదే, పంపేనని ఊరికే చెప్తుంది అని మేనత్త అందట.

ఆ కూతురు ఇప్పుడు అమలాపురంలో టీచరు. తనకే ఇద్దరు పిల్లలు.

"మళ్ళీ ఎప్పుడూ ఆ మాటెత్తలేదండి. నాకు పెట్టె వద్దండి మాస్టారూ. బూట్లు ఈపాటికి పాడైపోయుంటాయి. మూతలోపల చీటీ ఉంటుంది. మొదటి పేరు దానిదే రాసేను. ఆ చీటీ ఒక్కటి దాని చేతిలో పెడితే చాలండి."

నేను మెల్లిగా అడిగాను, కువైట్ నుంచి అని వాళ్ళన్నారా, మీరన్నారా అని. నేనేనండి అంది. ఏ ఏడాదో? అదీ నేనే చెప్పేనండి అంది. నా పొడుగాటి కుర్రాడు గుర్తొచ్చాడు.

"దారం రంగు అడిగేరా పిన్నిగారూ?"

"లేదండి."

"అదేంటండీ?"

"అడిగితే చెప్పలేడు కదండీ."

అంతలోనే ఆవిడ చేతిలో ఫోన్ మోగింది. వాళ్ళే. తీయమనడానికీ, వద్దనడానికీ కూడా నాకు ధైర్యం చాలలేదు. ఆవిడే తీసి, నాకూ వినపడేలా పెట్టింది.

"ఆయ్, చెప్పండి. డబ్బు సిద్ధంగానే ఉందండి. ఒక్క మాటండి. దారం ఏ రంగండీ?"

తెలుపమ్మా అన్నాడు.

ఆవిడ కళ్ళు మూసుకుంది. "ఇంకోసారి చూడండి బాబూ. గోడౌను చీకటిగా ఉంటదేమో, కొంచెం గుమ్మంలోకి తెచ్చి చూడండి."

ఎరుపమ్మా అన్నాడు. ఆవిడ ఇంకా ఆగింది. నలుపేమోనమ్మా అన్నాడు. ఎవరికీ రెండో అవకాశం ఇవ్వొద్దని చర్చిలో అరగంట చెప్పిన మనిషి అతనికి మూడిచ్చింది.

"లేదండి. మీ దగ్గర లేదండి" అంది చివరికి, అతన్నే ఓదారుస్తున్నట్టు. "ఉంటానండి."

ఫోన్‌ని చీర చెంగుతో తుడిచింది. బ్యాంకు పుస్తకం చేతిలో ఒకసారి ఆడించి, "నలభై గ్రాములండి. తడవకుండా పట్టుకెళ్ళాలి" అంది. గొడుగు నేనే తెరిచి ఇచ్చాను. ఉండబట్టలేక అప్పుడు అడిగాను, ఇంతకీ ఏ రంగండీ అని. ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది.

"అలాటివి చెప్పకూడదండి మాస్టారూ."

ఆ శీతాకాలంలోనే రెండ్రోజుల జ్వరంతో పోయింది. ఆవిడ కోసం చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడిక రోజున ఆవిడ కూతురు నాకు టీ తెచ్చి ఇచ్చింది. రహస్యాలు దాచడంలో నా సామర్థ్యం మీకు తెలిసిందే. ఆరంకెల్లో ఒకటి పోగొట్టుకున్నవాణ్ణి. పెట్టె సంగతీ, చీటీ సంగతీ అంతా చెప్పేశాను.

"పంపిందని నాకు తెలుసు మాస్టారూ" అందా అమ్మాయి. "అత్త ఏమన్నా నేను నమ్మలేదండి. బూట్లు ముప్పావు కిలో అని అమ్మ ఫోన్లో చెప్పింది. లేని బూట్లకి బరువెవరు చెప్తారండీ? రావట్లేదని అమ్మ బాధపడుతుందని అడగడం మానేసేను."

"మరి ఆ మాట ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదామ్మా?"

"అమ్మ అడగలేదండి."

నేను టీ గ్లాసు కింద పెట్టాను. ఊళ్ళోకి వచ్చిన ప్రతి ఫోన్‌నీ అడగమన్న మనిషి, అడగవలసిన ఒక్క మాట పాతికేళ్ళు అడక్కుండా ఉండిపోయింది. రంగు సంగతి ఆ అమ్మాయికీ తెలియదు. నాన్నకి చెప్పుంటుందండి అంది. ఆయన పోయి పదేళ్ళు.

మళ్ళీ మంగళవారానికి వస్తాను. వేలు తీసేశానన్నాను కదా. లింకు నొక్కలేదని వాళ్ళకి తెలిసిపోయిందేమో, అరగంటలో ఫోనే వచ్చింది. మీ పార్సెల్ మా దగ్గరుంది సార్, చిరునామా సరిచేయడానికి ఐదు రూపాయలు కడితే చాలు అన్నాడు.

"ఆయ్, చాలా సంతోషమండి. దారం ఏ రంగండీ?"

అవతల ఒక నిట్టూర్పు వినిపించింది.

"సార్, మీదీ ఆ ఊరేనా?"

ఏ ఊరండీ అన్నాను.

"పొద్దున్నుంచి ఇది ఏడో ఫోను సార్. ఎవరికి చేసినా దారం రంగే అడుగుతున్నారు. ఒకావిడ టేపు రంగడిగింది. ఇంకొకాయన భోజనమైందా అని కూడా అడిగేడు." ఆ గొంతులో నిజమైన బాధ ఉంది. "అసలు ఏ రంగు చెప్తే ఒప్పుకుంటారు సార్ మీరంతా?"

"నిజంగానే నాకు తెలీదు బాబూ. ఆవిడ చెప్పలేదు."

"ఎవరు సార్ ఆవిడ? పేరేంటి?"

నోటిదాకా వచ్చింది. వేలు తీసినట్టే మాటా తీసేసుకున్నాను.

"ఆయ్," అన్నాను, "అలాటివి చెప్పకూడదండి."